గడియారం లోపలి ఎండాకాలం

మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో మనిషి అలికిడి లేదు. మీ ఇంట్లో గోడ గూట్లో ఒక గడియారం ఉందనుకుందాం. దానికి ముళ్లు లేవు. ఆరు చిన్న గాజు బుడ్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క అంకె నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. నెలల తరబడి కూర్చుని మీరే చేసిన గడియారం అది. జనవరిలో బడిలో ప్రదర్శన జరిగినప్పుడు అందరూ దాని చుట్టూ మూగి మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ అంకెలు ఒక్కసారిగా ఆరిపోయాయి. కాసేపటికి మళ్లీ వెలిగాయి. మళ్లీ ఆరాయి.

అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "మన ఎండలకు ఇట్లాంటివి నిలవవులేరా!" అంటారు. మీరు కూడా తల ఊపి, గడియారాన్ని అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కిస్తారు.

నా వాదన అంతా ఆ ఒక్క మాట మీదనే. తప్పు మన ఎండది కాదు. మనం ఒక లెక్క చేయలేదు. ఆ లెక్కకు ఏడో తరగతి గుణకారం, కూడిక చాలు. ఆ లెక్క చేయకుండా ఏ యంత్రమూ తయారైనట్టు కాదని, దానికి బహుమతి కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

నిప్పులా ఉంటుంది, నిప్పు కాదు

ముందుగా దోషి కానివాణ్ణి విడిచిపెడదాం. ఆ గాజు బుడ్లను నిక్సీ దీపాలు అంటారు. 1955లో అమెరికాలోని బరోస్ అనే కంపెనీ వీటిని అమ్మకానికి తెచ్చింది. తరువాత చాలా ఏళ్లు ప్రయోగశాలల్లో లెక్కించే యంత్రాలకు, వోల్టుమీటర్లకు అంకెలు చూపించినవి ఇవే. ఎల్.ఇ.డి. అంకెలు వచ్చాక వీటి కాలం చెల్లింది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఐఎన్-12, ఐఎన్-14 రకాల పాత నిల్వలు మాత్రం ఇంకా దొరుకుతూ ఉండటంతో, పాతకాలపు అందం కోసం ఇళ్లలో గడియారాలు చేసుకునేవాళ్లు వాటిని కొంటున్నారు.

నిప్పుకణికలా మెరిసే ఆ అంకెను చూసి, లోపల తీగ ఎర్రగా కాలుతోందని చాలామంది అనుకుంటారు. గడియారం వేడెక్కితే నేరం దాని మీద వేస్తారు. అసలు సంగతి వేరు. బుడ్డిలో 0 నుంచి 9 వరకు అంకెల ఆకారంలో పది పలుచని లోహపు ముక్కలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ముందు సన్నని జాలీ ఉంటుంది. బుడ్డినిండా తక్కువ పీడనంలో నియాన్ వాయువు ఉంటుంది. జాలీకీ ఒక అంకెకూ మధ్య సుమారు 170, 180 వోల్టులు పెడితే ఆ అంకెను అంటిపెట్టుకుని ఉన్న వాయువు వెలుగుతుంది. వెలిగేది వాయువే. తీగ కాలదు.

ఈ నియాన్‌ను 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ ట్రావర్స్ తరువాతి కాలంలో మన పక్కనే ఉన్న బెంగుళూరుకు వచ్చి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి డైరెక్టరుగా పనిచేశాడు.

మీ తాతగారి కాలం నాటి వాల్వు రేడియోతో పోల్చి చూడండి. అందులోని చాలా వాల్వులకు లోపల ఒక హీటరు తీగ ఉంటుంది. అది 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండూ గుణిస్తే దాదాపు 1.9 వాట్లు. అంటే పని మొదలు పెట్టకముందే ఒక్కొక్క వాల్వు కేవలం వేడెక్కడానికి రెండు వాట్లు తాగుతుంది. నిక్సీకి అలాంటి హీటరు లేదు. వెలుగుతున్నప్పుడు దాని రెండు కొసల మధ్య సుమారు 145 వోల్టులు, దాని గుండా 2.5 మిల్లీ ఆంపియర్లు. గుణించండి. ఒక వాటులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంతే! అందుకే దీన్ని చల్లని క్యాథోడ్ దీపం అంటారు.

మరి వేడి ఎక్కడ పుడుతోంది?

ఇంటి ఖర్చు లెక్క రాసినట్టు ఒక కాగితం మీద రాద్దాం. గడియారానికి 12 వోల్టుల అడాప్టరు పెట్టామనుకుందాం.

మొదటి ఖాతా దీపాలది. ఆరు దీపాలకు కలిపి 15 మిల్లీ ఆంపియర్లు, 180 వోల్టుల దగ్గర. అంటే 2.7 వాట్లు. ఇందులో దీపాల్లో ఖర్చయ్యేది 2.2 వాట్లు. ప్రవాహాన్ని అదుపులో పెట్టే రెసిస్టర్లలో మిగిలిన అర వాటు.

రెండో ఖాతా 12 వోల్టులను 180 వోల్టులుగా పెంచే సర్క్యూట్‌ది. అది తీసుకున్న విద్యుత్తులో నూటికి 80 పాళ్లు తిరిగి ఇస్తుందనుకుంటే, 2.7 వాట్లు ఇవ్వడానికి దాదాపు 3.4 వాట్లు తీసుకుంటుంది. తేడా 0.7 వాట్లు. అది వేడి.

మూడో ఖాతా చిప్పులది. వీటికి 5 వోల్టులు చాలు. 12 నుంచి 5కు తగ్గించడానికి చాలామంది 7805 అనే మూడు కాళ్ల వోల్టేజి రెగ్యులేటరు వాడతారు. అది చవక, మంచిది, రేడియో రిపేరు అంగళ్లలో సులభంగా దొరుకుతుంది. కానీ దాని పద్ధతి ఒకటి ఉంది. మిగిలిన 7 వోల్టులను అది ఎక్కడా దాచదు. వేడిగా మార్చి పారేస్తుంది. అంకెలను ఎంచే చిప్పులకు, గడియారాన్ని నడిపే చిప్పుకు కలిపి 110 మిల్లీ ఆంపియర్లు, అందం కోసం దీపాల కింద పెట్టిన ఆరు నీలం ఎల్.ఇ.డి.లకు 90 మిల్లీ ఆంపియర్లు, మొత్తం 200 అనుకుందాం. ఏడు వోల్టులు పెట్టి గుణిస్తే 1.4 వాట్లు రెగ్యులేటరులోనే వేడిగా మారుతున్నాయి. చిప్పుల్లో, ఎల్.ఇ.డి.ల్లో ఖర్చయ్యేది ఒక వాటు.

అన్నీ కూడితే 5.8 వాట్లు. పాతకాలపు జీరో బల్బు తాగే కరెంటు కంటే కూడా ఇది తక్కువే. "ఇంతేనా!" అంటారేమో. ఆగండి. బల్బు గాలిలో వేలాడుతుంది. ఈ ఆరు వాట్లు మూత వేసిన పెట్టెలో ఉన్నాయి. అందులో 1.4 వాట్లు మీ బొటనవేలి గోరంత ముక్కలో పుడుతున్నాయి.

రాగి సంగటి ముద్ద సంగతి మీకు తెలుసు. పైన ఆరినట్టే ఉంటుంది. మధ్యలో వేలు పెడితే చురుక్కుమంటుంది. అందుకే దాన్ని విడదీసి పళ్లెంలో వెడల్పుగా చేసుకుంటాం. వేడి ఎంత ఉన్నదన్నదొక్కటే కాదు, అది బయటపడటానికి ఎంత జాగా ఉన్నదన్నది కూడా ముఖ్యం.

ఆ ఒక్క అంకె

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు ఓమ్ నియమం చదివారు కదా? ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వోల్టుల తేడా వస్తుంది. వేడికి కూడా దాదాపు ఇదే నియమం. పుట్టే వేడిని వాట్లలో తీసుకుని, అది బయటికి పోవడానికి ఎదురయ్యే అడ్డంకితో గుణిస్తే ఉష్ణోగ్రతల తేడా వస్తుంది. ఆ అడ్డంకిని ఉష్ణ నిరోధం అంటారు. రేకు ఏదీ తగిలించకుండా ఉత్తగా నిలబెట్టిన 7805కు అది వాటుకు సుమారు 65 డిగ్రీలు.

1.4ను 65తో గుణించండి. 91 డిగ్రీలు. అంటే రెగ్యులేటరు లోపలి సిలికాన్ ముక్క తన చుట్టూ ఉన్న గాలికంటే 91 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఎంత?

తయారీదారులు ఇచ్చే వివరపత్రాల్లో చాలా అంకెలను 25 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఇస్తారు. ప్రపంచమంతా ఒకే కొలతతో పోల్చుకోవాలి కాబట్టి అలా ఒక ఒప్పందం పెట్టుకున్నారు. అందులో తప్పు లేదు. 25కు 91 కలిపితే 116. ఆ ముక్క సాధారణంగా 125 డిగ్రీల వరకు పనిచేయడానికి తయారైంది. కాబట్టి "ఫరవాలేదు" అని పుస్తకం చూసి నిర్ణయిస్తారు. జనవరి ఉదయం బడిలో అది నిజంగానే ఫరవాలేదు.

కానీ మే నెల మధ్యాహ్నం మన ఇంటి గది 25 డిగ్రీలా? కడప జిల్లాలో బయట 43, 44 డిగ్రీలు కాసే రోజులు మనకు కొత్త కాదు. ఇంట్లో 40 అనుకుందాం. 40కి 91 కలిపితే 131. గీత దాటింది. ఇంకా అయిపోలేదు. రెగ్యులేటరు గదిలో లేదు, పెట్టెలో ఉంది. పెట్టె లోపలి గాలి గదికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉందనుకుంటే అది 50. ఇప్పుడు 141. 150 దరిదాపుల్లోకి రాగానే 7805 తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. గాలి ఇంకొంచెం వేడెక్కితే చాలు. చల్లబడగానే మళ్లీ పనిచేస్తుంది. మీ గడియారం ఆరుతూ వెలుగుతూ ఉండటానికి కారణం ఇదే. పాపం, దానికి జబ్బు లేదు. అది తన ప్రాణం కాపాడుకుంటోంది.

చూశారా? సర్క్యూట్ మారలేదు. ఒక్క భాగం చెడిపోలేదు. 25 అని రాసిన చోట 50 అని రాయవలసింది. మనం కాపీ చేసింది సర్క్యూట్‌ను మాత్రమే కాదు, ఎక్కడో చల్లని ఊళ్లో ఉన్న గదిని కూడా కాపీ చేశాం. ఆ గది మనది కాదు.

ఆరిపోకపోయినా నష్టమే

"మా గడియారం ఎండాకాలంలో కూడా నడుస్తూనే ఉంది" అని మీలో ఒకరు అనవచ్చు. సంతోషమే. అయినా వేడి రెండు పనులు చాటుగా చేస్తుంది.

ఒకటి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు. వాటి లోపల తడి ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుందన్నది ఇంజనీర్లు వాడే ముతక సూత్రం. కెపాసిటరు మీద 85 డిగ్రీలు అని అచ్చు వేసి, వివరపత్రంలో 2000 గంటలు అని ఉంటే, అది 65 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు రెండు మెట్లు దిగినట్టు. అంటే 8000 గంటలు. రాత్రీపగలూ నడిచే గడియారానికి అది ఏడాది కూడా కాదు. అదే కెపాసిటరును రెగ్యులేటరుకు దూరంగా, 45 డిగ్రీల చోట పెడితే 32,000 గంటలు. మూడున్నర ఏళ్లు దాటుతుంది. నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరపడానికి ఖర్చేముంది?

రెండోది ఇంకా తమాషా. వేడి గడియారానికి సమయం కూడా తప్పిస్తుంది. ఇలాంటి గడియారాల్లో సాధారణంగా వాడే క్వార్ట్జ్ స్ఫటికం సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకెను సగం చేస్తూ పోతే పదిహేనోసారికి సరిగ్గా 1 వస్తుంది. చేసి చూడండి! ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. అంతకంటే చల్లబడినా, వేడెక్కినా నెమ్మదిస్తుంది. రోజంతా 50 డిగ్రీల్లో ఉంటే రోజుకు దాదాపు రెండు సెకండ్లు వెనకబడుతుంది. నెలకు దాదాపు ఒక నిమిషం. చేతి గడియారానికి ఈ బాధ తక్కువ. మన చర్మం దాన్ని ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వెచ్చదనంలో ఉంచుతుంది.

ఇది కొత్త సమస్య కాదు. లోలకం గడియారాల కాలం నుంచీ ఉంది. ఎండకు లోలకపు కడ్డీ సాగుతుంది. సాగితే నెమ్మదిగా ఊగుతుంది. ఉక్కు కడ్డీ అయితే ఒక్క డిగ్రీకి రోజుకు సుమారు అర సెకండు వెనకబడుతుంది. ఇంగ్లండులో వడ్రంగి పని చేసిన జాన్ హారిసన్ 1720లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉక్కు కడ్డీలు, ఇత్తడి కడ్డీలు పక్కపక్కన అమర్చి, ఒకటి కిందికి సాగితే మరొకటి పైకి సాగేలా చేశాడు. లోలకం పొడవు మారలేదు. ఆయన ఎండాకాలాన్ని తిట్టలేదు. దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. మనం నేర్చుకోవలసింది ఆ గుణమే.

ఫ్యాను పెడితే పోలేదా?

చాలామంది చెప్పే పరిష్కారం ఇదే. చిన్న ఫ్యాను ఒకటి బిగించు, తీరిపోతుంది. నేను దీనికి ఒప్పుకోను. ఫ్యాను పెద్ద కంప్యూటర్లకు అవసరమే. ఆరు వాట్ల గడియారానికి మాత్రం అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లాంటిది.

ఎందుకంటే, ఫ్యాను గాలిని చల్లబరచదు. గదిలో 40 ఉంటే 40 డిగ్రీల గాలినే లోపలికి తోస్తుంది. మనకు చెమట పడుతుంది కాబట్టి ఫ్యాను గాలి చల్లగా తగులుతుంది. గడియారానికి చెమట పట్టదు కదా. ఇంకొకటి, మన ఊళ్ల దుమ్ము సంగతి మీకు చెప్పాలా? ఫ్యాను ఆ దుమ్మునంతా లోపలికి పీల్చి 180 వోల్టులున్న చోట పరుస్తుంది. వానాకాలంలో ఆ దుమ్ము తేమ పీల్చుకుంటే కరెంటు పాకడానికి దారి అవుతుంది. పైగా తిరిగే వస్తువు ఏదో ఒకనాడు ఆగుతుంది. ఆగిన రోజున ఎవరూ గమనించరు. నిశ్శబ్దంగా వెలగవలసిన గడియారం రాత్రంతా గుయ్‌మంటూ ఉండటం సరేసరి.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం మరొకటి. ఫ్యాను పెట్టినవాడు వేడి ఎక్కడ పుడుతోందో తెలుసుకోడు. తెలుసుకోనివాడు రేపు ఇంకొక యంత్రంలోనూ అదే తప్పు చేస్తాడు.

మొదట తగ్గించండి, తరువాత దారి ఇవ్వండి

నీలం ఎల్.ఇ.డి.లు తీసేయండి. పాతకాలపు నిక్సీ దీపాల కింద నీలం వెలుతురు ఎప్పుడూ లేదు. 90 మిల్లీ ఆంపియర్లు మిగిలాయి. 12 వోల్టుల అడాప్టరుకు బదులు, మీ వోల్టేజి పెంచే సర్క్యూట్ ఒప్పుకుంటే, 9 వోల్టులది పెట్టండి. ఇప్పుడు రెగ్యులేటరు పారేయవలసింది నాలుగు వోల్టులే. నాలుగును 0.11తో గుణిస్తే 0.44 వాట్లు. దాన్ని 65తో గుణిస్తే 29 డిగ్రీలు. పెట్టెలో 50 ఉన్నా 79 మాత్రమే. ఇందాక 141 ఉండేది! ఫ్యాను లేదు, హీట్ సింక్ లేదు. ఒక వస్తువు తీసేశాం, ఒకటి మార్చాం. రాత్రి అందరూ నిద్రపోయే వేళ అంకెలు ఆర్పేస్తే దీపాల ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ఇంకా మిగిలిన వేడికి దారి చూపించాలి. ఈ విద్య మన పెద్దలకు బాగా తెలుసు. రాయలసీమ మట్టిమిద్దెల కప్పులో గవాచి ఉంటుంది. వెలుతురు రావడానికీ, పొయ్యి పొగ పోవడానికీ అది దారి. వేడి గాలి తేలిక. పైకి పోతుంది. అది పోయిన చోటికి తలుపు సందుల్లోంచి చల్లని గాలి వస్తుంది. కరెంటు లేదు, మోటారు లేదు.

మీ పెట్టెకు కూడా గవాచి పెట్టండి. వెనుక పలకలో పైభాగాన ఒక వరుస బెజ్జాలు, అడుగు పలకలో ఒక వరుస. రెండూ ఉండాలి. పైన బెజ్జాలుండి కింద లేకపోతే గాలి కదలదు. తలుపులన్నీ బిగించిన ఇంట్లో గవాచి ఒక్కటే ఏం చేస్తుంది? అడుగు బెజ్జాలు మూసుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు సీసా మూతలు కాళ్లుగా అంటించండి. బెజ్జం మూడు, నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. చిన్నపిల్లల వేలు అందులో దూరకూడదు.

పెట్టే చోటు కూడా చూడండి. గోడ గూడు అందంగానే ఉంటుంది కాని అందులో గాలి ఆడదు. పడమటి గోడ సాయంత్రం దాకా ఎండను తాగి రాత్రి దాకా కక్కుతుంది. నాలుగు వైపులా ఖాళీ ఉన్న కడప బండ అలమారు అంతకంటే మేలు, ఆ బండ ఎండ తగలని గోడకు ఉంటే. గడియారం మీద అందమైన గుడ్డ ఎన్నడూ కప్పవద్దు.

వేడిని పారేయడం చిన్న పని అనుకోకండి. ప్రొద్దుటూరు దాటి ముద్దనూరు వైపు వెళితే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. 1994లో దాని మొదటి యూనిట్ మొదలైంది. బొగ్గు మండించి కరెంటు తీసే ఇలాంటి కేంద్రాల్లో, బొగ్గు ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగిలినదంతా నీటికి, గాలికి అప్పగించాలి. అందుకోసమే అంత నీరు, అన్ని కూలింగ్ టవర్లు. అక్కడి ఇంజనీర్లు ఆ లెక్క ముందు చేశారు, తరువాత యంత్రాలు పెట్టారు. మీ ఆరు వాట్లకూ అదే మర్యాద కావాలి.

మీరే కొలవండి

నా మాట నమ్మవద్దు. కొలిచి చూడండి. దీనికి నిక్సీ దీపాలు అక్కరలేదు. ఆటో ఎలక్ట్రికల్ అంగడిలో 12 వోల్టుల, 5 వాట్ల బండి బల్బు ఒకటి, దానికి తగిన 12 వోల్టుల అడాప్టరు ఒకటి, ఒక బిస్కట్ రేకు డబ్బా, బడి ప్రయోగశాలలోని రెండు థర్మామీటర్లు చాలు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

బల్బు డబ్బా గోడలకు తగలకుండా మధ్యలో ఉంచండి. తీగల తొడుగు చెక్కుచెదరకుండా చూసుకోండి. ఒక థర్మామీటరు లోపల పైభాగాన, మరొకటి బయట నీడలో పెట్టండి. బల్బు కాంతి నేరుగా పడకుండా లోపలి థర్మామీటరు ముందు చిన్న వెండి రంగు కాగితం అడ్డుపెట్టండి. పది నిమిషాలకొకసారి రెండు ఉష్ణోగ్రతలూ రాయండి. లోపలిది ఇక పెరగడం లేదని తేలేదాకా ఆగండి. గంట పట్టవచ్చు. మొదట డబ్బా పూర్తిగా మూసి చేయండి. తరువాత పైన మాత్రమే బెజ్జాలు పెట్టి చేయండి. చివరికి పైనా కిందా పెట్టి చేయండి. బెజ్జాలు కొట్టే పని పెద్దలకు అప్పగించండి.

ప్రతిసారీ లోపలి అంకెలోంచి బయటి అంకెను తీసేయండి. దాన్ని 5తో భాగించండి. అదే మీ పెట్టె ఉష్ణ నిరోధం, వాటుకు ఇన్ని డిగ్రీలని. ఈ ఒక్క అంకె తెలిస్తే ఆ పెట్టెలో రేపు ఏ యంత్రం పెట్టినా, అది మే నెలలో ఎంత వేడెక్కుతుందో డిసెంబరులోనే చెప్పగలరు. ముందుగా చెప్పగలగడమే విజ్ఞానశాస్త్రం బలం.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిక్సీ గడియారంలోని 180 వోల్టులు ప్రమాదకరం. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది. వేడిగా ఉందా అని లోపల వేలు పెట్టి చూడవద్దు. ఆ పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా ఆ భాగం చేయవద్దు, మూత తీయవద్దు. తోడు దొరకకపోతే బల్బు డబ్బాతోనే ఆగండి. నేర్చుకోవలసింది అందులోనే ముప్పాతిక ఉంది.

ఉష్ణపత్రం

చివరిగా నా కోరిక చెబుతాను. మన బడుల్లో సైన్సు ప్రదర్శనలు సాధారణంగా చలికాలంలో పెడతారు. యంత్రాన్ని మూత తీసి, బల్ల మీద పెట్టి, ఒకటి రెండు రోజులు నడుపుతారు. ఏ యంత్రమైనా అప్పుడు బాగానే ఉంటుంది. న్యాయనిర్ణేతలు "ఇది ఏం చేస్తుంది?" అని అడుగుతారు. "మే నెలలో ఏం చేస్తుంది?" అని అడగరు.

ఇకనుంచి అడగాలి. కరెంటుతో నడిచే ప్రతి వస్తువు పక్కన ఒక చిన్న అట్టముక్క ఉండాలి. దానికి ఉష్ణపత్రం అని పేరు పెడదాం. దాని మీద నాలుగు గీతలు చాలు. ఎన్ని వాట్లు తీసుకుంటుంది? మూత వేసి రెండు గంటలు నడిపాక లోపల ఎంత, బయట ఎంత? అన్నిటికంటే వేడి భాగం ఏది? గది 42 డిగ్రీలుంటే అది ఎంత అవుతుంది? ఈ పత్రం లేని వస్తువుకు మొదటి బహుమతి ఇవ్వవద్దని ఉపాధ్యాయులను కోరుతున్నాను.

"పిల్లల మీద ఇంత బరువా?" అని కొందరు పెద్దలు అనవచ్చు. ఇది బరువు కాదు. ఒక థర్మామీటరు, ఒక గుణకారం, ఒక కూడిక. ఈ పత్రం రాయడం కోసం విద్యార్థి తన ఇంటి గదిలో థర్మామీటరు పెట్టి మొదటిసారి చూస్తాడు. తన ఊరి ఎండ తిట్టుకోవలసినది కాదని, సమీకరణంలో రాయవలసిన ఒక అంకె అని అప్పుడు తెలుస్తుంది.

పుస్తకాలు చాలావరకు వేరే ఊళ్లలో, వేరే గదుల్లో రాసినవి. వాటిలోని నియమాలు మైదుకూరులోనూ అవే. అంకెలు మాత్రం మన ఊరివి వేసుకోవాలి. ఈ సాయంత్రం మీ ఇంట్లో అన్నిటికంటే వేడిగా ఉండే గదిలో థర్మామీటరు వేలాడదీయండి. రేపు మధ్యాహ్నం మూడు గంటలకు చూసి ఆ అంకెను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. అటక మీది గడియారాన్ని ఆ తరువాత దించండి.